నాన్నతో... ద్రాక్ష దారిలో

నెల రోజులుగా మా డైనింగ్ టేబుల్ మీద కంచాలకు చోటు లేదు. ఫ్రాన్సు మ్యాపు పరిచి ఉంది. ఒక మూల ఆవకాయ జాడీ, ఇంకో మూల పంచదార డబ్బా, మూడో మూల నాన్న బీపీ మాత్రల పెట్టె... నాలుగో మూల ఫ్యాను గాలికి లేస్తుంటే మా అమ్మాయి తన కంపాస్ బాక్స్ తెచ్చి పెట్టింది. అన్నాలు సోఫాలో కూర్చుని తింటున్నాం.

ఫోన్లో దారి చూసుకునే రోజుల్లో ఈ కాగితం మ్యాపు ఎందుకంటారా? నాన్న కోసం. ఫోన్లో చూపిస్తే ఒకసారి పెద్దది చేసి, ఒకసారి చిన్నది చేసి పక్కన పెట్టేశాడు. "గిదేంది బిడ్డా! ఊరు కనబడితె దేశం కనబడదు, దేశం కనబడితె ఊరు కనబడదు" అన్నాడు. నిజమే కదా!

నాన్నకు డెబ్బై ఏళ్లు నిండాయి. జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు వీడియోకాల్‌లో అడిగాడు... "నాయినా, ఎక్కడికి పోదం చెప్పు. ఖర్చు నాది" అని. కాశీ అయిపోయింది, రామేశ్వరం అయిపోయింది. బదరీనాథ్ అంటాడేమో అనుకున్నాం. నాన్న కాసేపు ఆలోచించి చెప్పాడు.

"ద్రాక్ష తోటలు ఉన్నకాడికి పోదం. ఇంకా ఉన్నకాడికి."

ఆ 'ఇంకా' అన్న మాటతో ఇటు నేను, అటు తమ్ముడు ఇద్దరం మాట్లాడలేకపోయాం.

మా పందిరి కింద...

మేడ్చల్ దగ్గర మా ఊళ్లో నాన్నకు నాలుగున్నర ఎకరాల ద్రాక్ష తోట ఉండేది. అనాబ్-ఎ-షాహీ రకం. నలభై దాటిన హైదరాబాద్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. పొడుగ్గా, లేత ఆకుపచ్చలో తేనెరంగు కలిసినట్టుండే కాయ. లోపల గింజ. కొరికితే నోటినిండా రసం. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట, కీసర... ఎటు వెళ్లినా రాతి కడీలు, వాటి మీద తీగల పందిళ్లు. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి కూడా పందిరి కింద చల్లగా ఉండేది. నేనూ తమ్ముడూ హోంవర్క్ అక్కడే చేసుకునేవాళ్లం. శివరాత్రి నాటికి గుత్తులు తలకు తగిలేవి.

ఏడాదికి రెండు కటింగులు. ఏప్రిల్‌లో పంట అయ్యాక ఒకటి, దసరా రోజుల్లో ఇంకొకటి. కూలీలు ఎంతమంది ఉన్నా నాన్న కూడా సికేచర్ పట్టుకుని పందిరి కిందికి దిగేవాడు. ఎర్ర పిడి ఉన్న కత్తెర. ఏ కొమ్మకు ఎన్ని కళ్లు ఉంచాలో చూసి, టక్కున కోసేవాడు. సాయంత్రానికి మెడ పట్టేసేది. అమ్మ ఆముదం రాసేది.

తర్వాత బోర్లు ఎండిపోవడం మొదలైంది. మొదటి బోరు 150 అడుగులకే పోసింది. ఏడో బోరు 600 అడుగులు వేస్తే దుమ్ము లేచింది. చుట్టూ తోటలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. 2006లో నాన్న కూడా అమ్మేశాడు. ఆ డబ్బుతోనే తమ్ముడి ఇంజినీరింగ్, నా డిగ్రీ, ఆ తర్వాత జర్నలిజం డిప్లొమా, ఇప్పుడు మేం ఉంటున్న ఇల్లు. మా బావి ఉన్నచోట ఇవాళ ఎవరిదో క్లబ్‌హౌస్ ఉంది. బస్సు ఆ దారిన వెళ్తుందంటే నాన్న కిటికీ పక్కన కూర్చోడు. ఇరవై ఏళ్లుగా అంతే.

అలాంటి మనిషి ద్రాక్ష తోటలు చూస్తానన్నాడు.

తమ్ముడి ఎక్సెల్ షీటు

మావాడికి ఏ పనైనా ఎక్సెల్ షీటుతోనే మొదలవుతుంది. రెండు రోజుల్లో షీటు పంపాడు. స్టట్‌గార్ట్‌లో బయల్దేరి షాంపేన్, అక్కణ్నుంచి బర్గండీ, అటునుంచి అటు పడమర సముద్రం దగ్గరి బోర్డో, తిరిగి తూర్పుకు వచ్చి రోన్ నది లోయ, అవిన్యోన్, మళ్లీ ఇంటికి. తొమ్మిది రోజులు. దాదాపు 2,900 కిలోమీటర్లు!

చదవడానికి మాత్రం ఎంత బాగుందో. షాంపేన్‌లో రీమ్స్ నగరం... ఫ్రాన్సు రాజులకు పట్టాభిషేకాలు జరిగిన చర్చి అక్కడే ఉంది. ఊరి కింద రోమన్ల కాలంలో సున్నపురాయి కోసం తవ్విన గోతులే ఇప్పుడు సీసాలు దాచే నేలమాళిగలు. బోర్డో దగ్గర సాంతెమిలియోన్... తోటలతో సహా యునెస్కో 1999లోనే వారసత్వ జాబితాలో చేర్చిన ఊరు. అవిన్యోన్‌లో 14వ శతాబ్దపు పోపుల కోట. ఏది వదలాలి?

నాన్న మాత్రం మ్యాపు మీద జానతో కొలిచాడు. "తొమ్మిది దినాలల్ల గింత తిరిగితె, చూసేది రోడ్డే గద" అన్నాడు.

ఇలాంటి ప్రయాణం వేసుకునేవారికి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఫ్రాన్సులో 'ఎ' అక్షరంతో మొదలయ్యేవి పెద్ద హైవేలు. చాలావరకు టోల్ దారులు. గంటకు 130 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు, వాన పడితే 110. వాటి మీద దూరం తరుగుతుంది కానీ తోట కనపడదు. 'డి' అక్షరంతో మొదలయ్యేవి జిల్లా రోడ్లు. రెండు వరుసల దారైతే వేగం 80, కొన్ని జిల్లాల్లో 90. ఊళ్లోకి వస్తే 50. తీగల మధ్య నుంచి, ఊరి చర్చి పక్క నుంచి, బేకరీ ముందు నుంచి వెళ్లేవి ఇవే. మ్యాపులో గంట అని చూపిస్తే రెండు గంటలు అనుకోవాలి. మధ్యలో ఆగకుండా ఉండలేం కాబట్టి!

బోర్డో ఎందుకు కొట్టేశామో కూడా చెప్పాలి. బర్గండీ నుంచి అక్కడికి 600 కిలోమీటర్లకు పైమాటే. అది ఒక కారణం. రెండోది నేను చదివి వినిపించిన సంగతి. వైన్ తాగేవాళ్లు తగ్గి, సరుకు మిగిలిపోయి, బోర్డో రైతులు నష్టపోతున్నారు. తీగలు పీకేసేవాళ్లకు హెక్టారుకు 6,000 యూరోలు ఇచ్చే పథకం 2023లో వచ్చింది. నాన్న విని, చాలాసేపటి తర్వాత "అక్కడ గూడ పీకుతున్నరా" అన్నాడు. ఆ రాత్రి తనే పెన్సిల్ తీసుకుని మ్యాపు మీద బోర్డోకు అడ్డగీత పెట్టాడు.

అమ్మ అభ్యంతరం

"తాగేటోళ్ల ఊర్లకు పోయి మనమేం చేస్తం?" ఇది అమ్మ ప్రశ్న.

మా ఇంట్లో వైన్ ఎవరూ ముట్టింది లేదు. మా తోట కాయ తినడానికే. బండ్లకెక్కి మార్కెట్‌కు పోయేది. నాన్నకు అలవాటు ఉన్నదల్లా పండగకో పబ్బానికో తాటికల్లు. కానీ ఆ కల్లే నాకు పనికొచ్చింది. బర్గండీలో పక్కపక్కనే ఉన్న రెండు మడుల వైన్ రుచి వేరుగా ఉంటుందని, ఒక్కో మడికి ఒక్కో పేరు ఉంటుందని చదివి, ఇది నాన్నకు ఎలా చెప్పాలా అని తంటాలు పడుతున్నాను. ఆయన చటుక్కున అందుకున్నాడు.

"దాంట్ల ఏముంది? మన గౌడు ముంత మూతికి పెట్టుకోంగనే ఏ చెట్టు కల్లో చెప్తడు. చెరువు కట్ట మీది చెట్టుకు ఒక రుచి, చెల్కల చెట్టుకు ఒక రుచి."

పుస్తకాలు పది పేజీల్లో చెప్పింది రెండు ముక్కల్లో తేలిపోయింది.

అక్కడ రుచి చూసేవాళ్లు గుక్క నోట్లో తిప్పి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేస్తారని, అది తప్పు కాదని అమ్మకు చెప్పాను. "పైసలు పెట్టి కొన్నది ఉమ్మేసుడేంది!" అని ముక్కున వేలేసుకుంది. కారు నడిపేవాళ్లకు మాత్రం ఇది సరదా సంగతి కాదు. అక్కడ లీటరు రక్తంలో ఆల్కహాల్ అర గ్రాముకు చేరితే నేరం. మన దేశంలో పరిమితి ఇంకా తక్కువ, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మేం మాత్రం సున్నా అని రాసుకున్నాం. అక్కడి కొందరు రైతులు ద్రాక్షరసం కూడా సీసాల్లో పట్టి అమ్ముతారు. 'జు ద రెజాన్' అని అడగాలట. అమ్మ ఆ ఒక్క మాటా బట్టీ పట్టింది.

బోరు లేని తోటలు

మ్యాపు మీద నాన్న వేలు ఎప్పుడూ ఆగేది ఒక్కచోటే. డిజోన్ నుంచి దక్షిణంగా బోన్ పట్టణం మీదుగా సాంటెనే దాకా ఉన్న సన్నటి వాలు. ఆ తోటల మధ్య నుంచి వెళ్లే దారిని 1937లో పర్యాటకుల కోసం ప్రత్యేకంగా గుర్తించారు. పొడవు 60 కిలోమీటర్లే. మేడ్చల్ నుంచి చార్మినార్‌కు వెళ్లి తిరిగొచ్చినంత!

ఈ వాలునూ దాని చుట్టుపక్కలనూ 1,247 మడులుగా లెక్కగట్టి, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఒక్కో మడినీ వాళ్లు 'క్లిమా' అంటారు. ప్రతిదానికీ పేరు, హద్దు, వందల ఏళ్ల చరిత్ర. ఇది చెప్పగానే నాన్న వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు... "చింతచెట్టు మడి, బావి తోట, పోచమ్మ గడ్డ, పెద్దరాయి కింద..." మా నాలుగున్నర ఎకరాలకు నాలుగు పేర్లున్న సంగతి నేను మరిచేపోయాను. ఇప్పుడవి ప్లాట్ నంబర్లు.

అన్నదమ్ముల పంపకాలు అక్కడా ఉన్నాయి. క్లో ద వూజో అని, సన్యాసులు నాటి గోడ కట్టిన తోట ఒకటుంది. 50 హెక్టార్లు, అంటే దాదాపు 125 ఎకరాలు. అందులో ఇప్పుడు సుమారు 80 మంది యజమానులు. కొందరికి కొన్ని వరుసల తీగలే ఉన్నాయట. "పంచుకున్నరు గని పోగొట్టుకోలేదు" అన్నాడు నాన్న.

ఇక నేను చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించిన విషయం ఒకటుంది. బర్గండీలో ద్రాక్షకు నీళ్లు పెట్టరు. వానే ఆధారం. 

"బోరు లేకుండనా?" నాన్న కళ్లజోడు తీసేశాడు.

లెక్కలు తీశాం. హైదరాబాద్‌లో ఏడాదికి పడే వానకూ, డిజోన్‌లో పడే వానకూ పెద్ద తేడా లేదు. రెండూ 750-800 మిల్లీమీటర్లకు అటూఇటూ. కాకపోతే అక్కడ పన్నెండు నెలలకూ సర్దుకుని కొంచెం కొంచెం పడుతుంది. మనకు నాలుగు నెలల్లో కురిసి వెళ్లిపోతుంది. ఎండల సంగతి సరేసరి. పైగా అక్కడ ఎకరాకు ఇంతకు మించి పండించకూడదని చట్టమే హద్దు పెడుతుంది. మనకేమో ఎంత ఎక్కువ కాస్తే అంత బతుకు.

నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "అయితే తప్పు నాది గాదు" అన్నాడు మెల్లగా. అడిగినట్టా, చెప్పినట్టా నాకు తెలియలేదు. ఇరవై ఏళ్లుగా ఆయన తనను తాను ఏమనుకుంటూ వస్తున్నాడో ఆ రోజు మొదటిసారి తెలిసింది.

నాలుగున్నర ఎకరాలే!

ఆ వాలు మీదే వోన్-రొమానె అనే చిన్న ఊరు ఉంది. ఊరి పక్కన రొమానె-కొంతి తోట. ప్రపంచంలో అత్యంత ఖరీదైన వైన్లలో ఒకటి అక్కడిదే. ఒక్కో సీసా ధర లక్షల రూపాయల్లో ఉంటుంది. ఏడాదికి వచ్చేది ఐదారు వేల సీసాలు. 1760లో కొంతి రాజకుమారుడు కొన్నాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. చుట్టూ చిన్న రాతిగోడ, ఒక పక్క రాతి శిలువ. అంతకుమించి ఆర్భాటం లేదు.

విస్తీర్ణం 1.8 హెక్టార్లు. మన లెక్కలో వేసి చూశాను. మళ్లీ వేశాను. నాలుగున్నర ఎకరాలు.

దాని కథలో ఒక సంగతి నాన్నకు బాగా పట్టింది. 1863లో ఫ్రాన్సులో కనిపించిన ఫిలాక్సెరా అనే వేరు పురుగు దేశంలోని తోటల్ని తినేసింది. అమెరికా నుంచి వచ్చిన పురుగు అది. చివరికి అమెరికా ద్రాక్ష వేరు మీద తమ తీగను అంటు కట్టి బయటపడ్డారు. రొమానె-కొంతిలో మాత్రం పాత తీగల్నే మందులతో కాపాడుకుంటూ వచ్చారు. యుద్ధకాలంలో మందు దొరక్క అవీ నీరసించాయి. 1945 పంట కోశాక మొత్తం పీకేసి, కొత్తవి నాటారు. 1946 నుంచి 1951 దాకా ఆ తోట పేరుతో ఒక్క సీసా రాలేదు.

"ఆరేండ్లు పంట లేకుండ ఎట్ల ఉన్నరు?" అడిగాడు నాన్న.

"ఉన్నారు కదా నాయినా."

"ఉండగలిగినోళ్లు ఉంటరు బిడ్డా" అన్నాడు.

నిజమే. మాకు రెండేళ్లు కూడా ఉండే శక్తి లేదు.

దసరాకా... మార్చికా?

దారి తేలింది కానీ నెల తేలలేదు. నాకూ మా అమ్మాయికీ అక్టోబరు కావాలి. సెప్టెంబరులో కోతలు, అక్టోబరులో ఆకులన్నీ పసుపు, ఎరుపు. ఆ జిల్లా పేరే 'కోట్ దోర్'... బంగారు వాలు అని అర్థం. ఫొటోలు చూస్తే పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది. పైగా దసరా సెలవులు.

నాన్న రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు అడిగాడు. "వాళ్లు కటింగ్ ఎప్పుడు చేస్తరు?"

చలికాలంలో. ఆకు రాలి, తీగ నిద్రలో ఉన్నప్పుడు. డిసెంబరు నుంచి మార్చి దాకా. మనలా రెండుసార్లు కాదు, ఒక్కసారే. మోకాలెత్తు తీగలు. ఎకరాకు నాలుగు వేల దాకా మొక్కలు. ఒక్కో తీగకు నాలుగైదు కళ్లున్న పొడుగు కొమ్మను ఉంచి మిగతావి కోసేస్తారు. కోసిన పుల్లల్ని ఇనప బండిలో వేసి అక్కడికక్కడే కాలుస్తారు.

"గప్పుడు పోదం."

"అప్పుడు చూడటానికి ఏముంటుంది నాయినా! మోడులే కదా."

"ఆకు ఉన్నన్ని దినాలు ఆకే కనబడ్తది. ఆకు రాలినంక గద తీగ కనబడేది. చెయ్యి పనిమంతునిదా కాదా అని అప్పుడు తెలుస్తది."

నేను వాదించాను. చలి గురించి, ఆయన మోకాళ్ల గురించి చెప్పాను. మార్చి మొదట్లో రాత్రిపూట రెండు, మూడు డిగ్రీలకు పడిపోతుందని చెప్పాను. పిల్ల పరీక్షలు కూడా అప్పుడే. నాన్న ఏమీ అనకుండా లేచి వెళ్లి అటక మీది రేకు పెట్టె దించమన్నాడు. అందులో గోనెగుడ్డలో చుట్టి, ఎర్ర పిడి రంగు పోయిన సికేచర్. ఇరవై ఏళ్ల తర్వాత చూశాను. తుప్పు లేదు. ఏటా నూనె రాస్తూనే ఉన్నాడట. అమ్మకు తెలుసు, మాకు తెలియదు.

అప్పటికి నేను నాలుగు ఫ్రెంచి మాటలు నేర్చుకుంటున్నాను. ఆ రాత్రి కుతూహలం కొద్దీ ఆ మాట వెతికాను. సికేచర్ అన్నది ఫ్రెంచి మాటే! వాళ్లు 'సెకతర్' అంటారు. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులోనే ఈ కత్తెర పుట్టింది. అంతకుముందు వంకర కత్తితో కోసేవాళ్లు. మేడ్చల్ దగ్గర ఏడో తరగతి చదివిన మా నాన్న నోట ఇన్నేళ్లూ ఒక ఫ్రెంచి మాట ఆడుతోందన్నమాట. పొద్దున్నే చెబితే చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఇంకేం! మార్చి ఖాయమైంది. మా అమ్మాయి పరీక్షలు రాస్తూ వాళ్ల నాన్నతో ఉంటుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "తాతయ్య కొమ్మ కోస్తుంటే వీడియో తియ్యి, అది మాత్రం మర్చిపోకు" అంది.

కాగితాల పని

నెల తేలగానే కాగితాల పని మొదలైంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి షెంజెన్ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. 30,000 యూరోలకు తగ్గకుండా వైద్యఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి. డెబ్బై దాటినవాళ్లకు ప్రీమియం ఎక్కువ. ఉన్న జబ్బులేవీ దాచకుండా రాయాలి.

వీసా కేంద్రంలో నాన్న వేలిముద్రలు ఓ పట్టాన పడలేదు. తీగలూ కడీలూ పట్టుకున్న వేళ్లు... గీతలు అరిగిపోయాయి. అక్కడి అమ్మాయి ఓపిగ్గా తడిగుడ్డతో తుడిపించి, మళ్లీ మళ్లీ పెట్టించింది. నాలుగోసారికి పడ్డాయి. "చేసిన పనంత గా మిషిన్‌కు ఎట్ల ఎరుకైతది" అని నాన్న నవ్వితే ఆ అమ్మాయి కూడా నవ్వింది.

కారు తమ్ముడిదే. అయినా వాడొక్కడే నడపడం మంచిది కాదని నేనూ మన ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను. ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. అక్కడ నడిపేది కుడివైపు. అన్నిటికంటే నాకు భయం వేసింది 'కుడివాళ్లకు దారి' అన్న నిబంధన. చిన్న ఊళ్లలో బోర్డు ఏమీ లేని కూడలి దగ్గర, కుడిపక్క సందులోంచి వచ్చేవాళ్లకు మనం ఆగి దారివ్వాలి. మనం పెద్ద రోడ్డు మీద ఉన్నట్టు కనిపించినా సరే. కారులో అందరూ చూసేంత రంగుల జాకెట్టు, ఎర్ర త్రికోణం బోర్డు కూడా ఉండాలి.

ఇంకో రెండు విషయాలు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటి దాకా చిన్న ఊళ్లలో చాలా దుకాణాలు మూసేస్తారు. ఆదివారం సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి పొద్దున్నే రొట్టె, చీజ్, పళ్లు కొనుక్కుని కారులో పెట్టుకోవాలి. అమ్మ పులిహోర పొడి, కారప్పొడి, ఎలక్ట్రిక్ కుక్కర్ ఇప్పటికే సర్దేసింది. డిజోన్ ఆవపిండికి పేరున్న ఊరని చెబితే, "అయితే వాళ్లకు మన ఆవకాయ చూపియ్యాలె" అని ఒక చిన్న డబ్బా కూడా పెట్టింది.

చివరికి మిగిలిన దారి

2,900 కిలోమీటర్లు కాస్తా 1,100కు దిగాయి. ఎనిమిది రోజులు. స్టట్‌గార్ట్ నుంచి 150 కిలోమీటర్లు వెళ్తే రైన్ నది దాటి స్ట్రాస్‌బర్గ్. అక్కడ ఒక రాత్రి. తర్వాత రెండు రోజులు అల్సాస్ ద్రాక్ష దారి. మార్లెన్‌హైమ్ నుంచి తాన్ దాకా 170 కిలోమీటర్లు, 1953లో మొదలైంది. కర్ర దూలాల ఇళ్ల రిక్‌విర్, గుండ్రంగా వీధులు చుట్టుకున్న ఎగీషైమ్, కొండ మీద కోట. మార్చికి కొంగలు కూడా గూళ్లకు తిరిగొస్తాయి. నడుమ ఉన్న కొల్మార్ ఫ్రాన్సులో వానలు బాగా తక్కువ పడే ఊళ్లలో ఒకటి. పడమటి కొండలు మేఘాన్ని ఆపేస్తాయి. మన అనంతపురంలా వానచాటు ప్రాంతమన్నమాట. 1871 నుంచి 1945 లోపు ఆ నేల ఫ్రాన్సుకూ జర్మనీకీ మధ్య నాలుగుసార్లు చేతులు మారింది. తీగలు మాత్రం అక్కడే ఉన్నాయి.

తర్వాత సుమారు 230 కిలోమీటర్లు డిజోన్‌కు. బోన్‌లో నాలుగు రాత్రులు. అక్కడ 1443లో పేదల కోసం కట్టిన ఆస్పత్రి ఒకటుంది. రంగు పెంకుల పైకప్పు. దాతలు ద్రాక్ష తోటలు రాసిచ్చారు. ఆ తోటల వైన్‌ను 1859 నుంచి ఏటా వేలం వేస్తున్నారు. 1971 దాకా ఆ పాత భవనంలోనే రోగులను చూశారు. ఇప్పుడది మ్యూజియం. వేలం డబ్బు మాత్రం ఇప్పటికీ ఆస్పత్రికి వెళ్తుంది. అమ్మ చూడాలనుకున్నది అదొక్కటే.

మేం దిగబోయేది ఒక రైతు ఇంట్లో. పైన రెండు గదులు అద్దెకిస్తారు. నాన్న గురించి తమ్ముడు వాళ్లకు ఉత్తరం రాశాడు. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. 'మార్చి మొదటి వారానికి ఇంకా కొన్ని వరుసలు మిగులుతాయి. మీ నాన్నగారిని రమ్మనండి. మా పద్ధతి చూపిస్తాం. ఆయన పద్ధతి మాకు చూపించమనండి' అని. తమ్ముడు అది చదువుతుంటే నాన్న రెండోసారి చదవమన్నాడు.

సికేచర్ చేతి సంచిలో పెట్టుకోవడం కుదరదు కాబట్టి పెద్ద సూట్‌కేసులో అడుగున, మంకీ క్యాపులో చుట్టి పెట్టాను. అక్కణ్నుంచి ఒక్క పుల్ల తెచ్చుకోవచ్చా అని నాన్న అడిగాడు. కుదరదని, పురుగు కథ గుర్తుచేశాను. సరేనన్నాడు.

నాకున్న భయం వేరు. రొమానె-కొంతి గోడ దగ్గర నిలబడ్డప్పుడు ఈయన ఏమైపోతాడో అని. నిన్న రాత్రి మ్యాపు మడత పెడుతూ అడిగేశాను.

"నాయినా, అక్కడ మన తోట యాదికొచ్చి బాధపడవు కదా?"

ఆయన ఆవకాయ జాడీ తీసి పక్కన పెట్టాడు.

"యాదికి రాని దినం ఎప్పుడున్నది బిడ్డా? ఈడ ఒక్కన్నే యాది చేసుకుంట. ఆడ మీరిద్దరు పక్కన ఉంటరు గద."

మ్యాపు మడిచి సంచిలో పెట్టాను. ఇవాళ మధ్యాహ్నం అందరం టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తిన్నాం.